షోరూమ్‌లో విన్న సౌండు ఇంట్లో రాకపోతే: సమస్య - పరిష్కారం

డెమో గదిలో నేల మీద కార్పెట్, గోడలకు ప్యానెళ్లు, స్పీకర్ల చుట్టూ కావలసినంత ఖాళీ ఉంటాయి. అదే స్పీకర్ల జత మన 10×12 అడుగుల గదిలోకి వచ్చేసరికి కింద టైల్స్, చుట్టూ వట్టి గోడలు, పైన తిరిగే ఫ్యాను. అందుకే సౌండు తేడాగా అనిపించగానే యాంప్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్) మార్చాలనుకోకండి. ముందు కొలత టేపు, ఫోను, స్క్రూడ్రైవర్ తీయండి. ఎక్కువ సమస్యలు వాటితోనే తేలిపోతాయి.

బేస్ కొన్ని స్వరాల దగ్గరే దద్దరిల్లుతోంది

బేస్ గిటార్‌లో చాలా స్వరాలు మామూలుగా ఉండి, ఒకటి రెండు మాత్రం గదంతా మోగిపోతున్నాయంటే కారణం దాదాపు ఎప్పుడూ గదే. ఎదురెదురు గోడల మధ్య కొన్ని ఫ్రీక్వెన్సీలు తిరిగి తిరిగి కొట్టుకుని బలపడతాయి. లెక్క తేలిక. 565ని గది కొలతతో, అడుగుల్లో, భాగించండి. 12 అడుగులకు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56 హెర్ట్జ్ వస్తుంది. వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే అయితే రెండు మోతలూ 56 దగ్గరే కలుస్తాయి. ఫ్లాట్లలో ఇది మామూలే.

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, వాల్యూమ్ తగ్గించి, 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచండి. మోగిన అంకె మీ లెక్కకు దగ్గరగా ఉంటే దోషం గదిదే. లెక్కకు పొంతన లేకుండా ఎక్కడో గరగరలాడితే షోకేస్ అద్దాన్నో కిటికీ రెక్కనో చేత్తో అదిమి చూడండి.

ఇక సరిచేయడం. మొదట కుర్చీ జరపండి. వెనక గోడకు ఆనుకున్న సోఫాలో బేస్ ఎప్పుడూ ఎక్కువే వినిపిస్తుంది. 12 అడుగుల పొడవు గదిలో వెనక గోడ నుంచి నాలుగున్నర అడుగులు ముందుకు రండి. సరిగ్గా మధ్యలో మాత్రం కూర్చోకండి, అక్కడ ఆ 47 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. తర్వాత స్పీకర్లను గోడ నుంచి ఒకటిన్నర, రెండు అడుగులు ముందుకు లాగండి. పక్క గోడకూ వెనక గోడకూ దూరం ఒకటే కాకుండా చూడండి. వెనక పోర్టు (గాలి వచ్చిపోయే రంధ్రం) ఉన్న స్పీకర్‌ను టీవీ యూనిట్ అరలోకి తోయడం అన్నిటికంటే చెడ్డ పని. వేరే చోటు లేకపోతే పోర్టులో ఫోమ్ బిరడా పెట్టండి.

గోడకు అంగుళం మందం ఫోమ్ అంటిస్తే దీనికి పనికిరాదు. 56 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 20 అడుగులు, ఆ ఫోమ్ దాన్ని తాకనైనా తాకదు. అన్నీ చేశాక మిగిలిన మోతను ఈక్వలైజర్‌లో ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి. బేస్ తక్కువైన చోట మాత్రం పెంచకండి. గది మింగేస్తున్న దానికి ఎంత పవర్ పోసినా యాంప్ అలిసిపోవడమే తప్ప ఫలితం ఉండదు.

బేస్ పల్చగా ఉంది, గాయకుడి గొంతు మధ్యలో నిలవడం లేదు

ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయి. ఒక ఊఫర్ (బేస్ పలికించే పెద్ద కోన్) ముందుకొస్తుంటే రెండోది వెనక్కి వెళ్లి బేస్ చెరిగిపోతుంది. యాంప్ ఆపేసి, వైర్లను యాంప్ వైపు విప్పి, ఎర్ర టెర్మినల్‌కు వెళ్లే తీగకు 1.5 వోల్ట్ పెన్సిల్ సెల్ ప్లస్‌నూ, రెండో తీగకు మైనస్‌నూ అర క్షణం తాకించండి. రెండు స్పీకర్ల ఊఫర్లూ ఒకే వైపు కదలాలి. వేర్వేరు వైపులకు కదిలితే ఒక స్పీకర్ వైర్లు తిప్పి పెట్టండి.

ట్రెబుల్ చెవిలో గుచ్చుతోంది

గది మధ్యలో చప్పట్లు కొట్టండి. టింగుమని సాగితే టైల్స్, గోడలు ధ్వనిని వెనక్కి విసురుతున్నట్టే. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య మందపాటి రగ్గు పరచండి. పక్క గోడ వెంట ఒకరు అద్దం జరుపుతూ ఉంటే, కూర్చున్న చోటి నుంచి ట్వీటర్ (ట్రెబుల్ పలికించే చిన్న స్పీకర్) అందులో కనిపించిన చోట పుస్తకాల అరనో మడతల కర్టెన్‌నో పెట్టండి. ట్వీటర్ చెవి ఎత్తులో, నేల నుంచి సుమారు 38 అంగుళాల దగ్గర ఉండాలి.

గుయ్‌మనే హమ్

ఇన్‌పుట్ కేబుళ్లన్నీ పీకి, ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. సెట్‌టాప్ బాక్స్ లేదా టీవీ కలిపినప్పుడే హమ్ మొదలైతే అది ఎర్త్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య కేబుల్ గుండా కరెంటు పారడం. టీవీ నుంచి యాంప్‌కు ఆప్టికల్ కేబుల్ వాడితే పోతుంది, అందులో కరెంటు పారదు. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ విరవకండి, అది ప్రాణాలకు సంబంధించిన విషయం. కరెంటు పోయి ఇన్వర్టర్ వచ్చినప్పుడే మోగితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ తప్ప వేరే మందు లేదు.

షాపులో విన్న తేడా కొన్నాక వినిపించడం లేదు

కాస్త పెద్దగా మోగేది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. రెండు యాంప్‌లను పోల్చేటప్పుడు ఒకే చోట కూర్చుని, సౌండ్ మీటర్ యాప్‌తో రెండింటి స్థాయీ అర డెసిబెల్ లోపు సమానం చేయించండి. చాలా తేడాలు అక్కడే కరిగిపోతాయి. 50 వాట్ల నుంచి 100కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. సెన్సిటివిటీ (అదే పవర్‌కు స్పీకర్ ఎంత పెద్దగా మోగుతుందో చెప్పే అంకె) 85 బదులు 88 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ కూడా అంతే పెంపు ఇస్తుంది. డబ్బు ముందు స్పీకర్లకు పెట్టండి. ఖరీదైన కేబుళ్లకు వద్దు: 5 మీటర్ల దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు.

వాల్యూమ్ పెంచితే యాంప్ ఆగిపోతోంది

రెండు జతల 8 ఓమ్‌ల స్పీకర్లను యాంప్‌లోని ఎ+బి (రెండు జతలూ ఒకేసారి మోగించే) స్విచ్ మీద కలిపితే చాలా యాంప్‌లకు అవి 4 ఓమ్‌లుగా కనిపిస్తాయి, ఓమ్‌లు తగ్గేకొద్దీ యాంప్ మీద భారం పెరుగుతుంది. యాంప్ వెనక రాసిన కనీస ఓమ్‌లు చూసుకోండి. ఊడిన వైరు పోగు పక్క టెర్మినల్‌ను తాకుతున్నా ఇదే జరుగుతుంది.

అమెరికా నుంచి తెచ్చిన సెట్టు

వెనక 120 వోల్ట్ అని మాత్రమే ఉంటే మన 230లో పెట్టకండి, కాలిపోతుంది. రాసిన వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్ల సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అయితే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, మన 50 హెర్ట్జ్ కరెంటును అమెరికాలోని 60 హెర్ట్జ్‌గా మార్చజాలదు. పాత రికార్డ్ ప్లేయర్లలోని ఏసీ సింక్రనస్ మోటారు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది) మన 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33⅓ బదులు సుమారు 28 చుట్లే తిరుగుతుంది. ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారుకు ఉండే చిన్న చక్రం) వేయించాలి. డీసీ మోటారు ఉన్నవాటికి ఈ ఇబ్బంది లేదు.