కట్టర్ మిషన్ బ్లేడ్ల ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

కట్టర్ మిషన్ ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అసలు ఖర్చు బ్లేడ్లది. రెండు అల్మారాలు, ఒక బాత్రూం టైల్స్ పని పూర్తయ్యేసరికి వాటికి పెట్టిన డబ్బు మిషన్ ధరకు దగ్గర పడొచ్చు. పైగా అరిగిపోయాయని పారేసేవాటిలో ఎన్నో ఇంకా కోయగలిగినవే.

1. మూడు అంకెలు రాసుకుని షాపుకు వెళ్ళండి

బ్లేడు వ్యాసం, మధ్య రంధ్రం, మిషన్ వేగం. రాయి కోసే చిన్న కట్టర్‌కు సాధారణంగా 110 మి.మీ. బ్లేడు, 20 మి.మీ. రంధ్రం ఉంటాయి. నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్‌కైతే (చేత్తో పట్టుకుని ఇనుము కోసే, అరగదీసే మిషన్) రంధ్రం 16 మి.మీ. "నాలుగంగుళాలది ఇవ్వండి" అంటే రెండింట్లో ఏదైనా చేతికి రావచ్చు, ప్యాకెట్ చింపాక వెనక్కి తీసుకోరు. రంధ్రం పెద్దదైతే సరైన రింగు వేసుకోవచ్చు. చిన్నదైతే ఆకురాయితో పెద్దది చేయకండి, బ్లేడు వంకరగా తిరుగుతుంది. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మిషన్ వేగానికి తగ్గకూడదు.

పళ్ళున్న చెక్క బ్లేడును గ్రైండర్‌కు బిగించడం చాలాచోట్ల కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. పన్ను చెక్కలో ఇరుక్కుంటే మిషన్ ఒక్కసారిగా ఒంటి మీదికి ఎగురుతుంది.

2. ధర కాదు, అడుగుకు ఎంత పడిందో చూడండి

8×4 ప్లైవుడ్ షీటును అడుగు వెడల్పు పలకలుగా కోస్తే ఏడు కోతలు, ఒక్కోటి నాలుగడుగులు, మొత్తం 28 అడుగులు. ఉదాహరణకు 150 రూపాయల బ్లేడు రెండు షీట్లకే మొద్దుబారితే అడుగుకు సుమారు 2.70 పడింది. 450 రూపాయలది పది షీట్లు కోస్తే 1.60. ఎన్ని షీట్లు కోసిందో బ్లేడు కవరు మీదే మార్కర్‌తో గీతలు పెట్టుకోండి.

పాత ద్వారబంధం కోసేముందు అయస్కాంతం తిప్పి మేకులు వెతకండి. ఒక్క మేకు తగిలితే చాలు, పళ్ళ కొసలు రాలిపోతాయి.

3. మొద్దుబారిందా, మురికి పట్టిందా?

చెక్క కాలిన వాసన వస్తూ, కోత అంచు నల్లబడుతుంటే బ్లేడు పోయిందనుకుంటారు. చాలాసార్లు పళ్ళకు అంటుకున్న జిగురే కారణం. ప్లగ్ తీసి, బ్లేడు ఊడదీసి, చెంచాడు గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టండి. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో పన్ను తోమి, పూర్తిగా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి.

తర్వాత పన్ను కొసను ఎండ వెలుతురులో చూడండి. పదునైన అంచు మెరవదు. అంచు మీద సన్నని తెల్లగీత మెరిస్తే అది నిజంగా అరిగినట్టు.

4. గ్రానైట్ కోయనంటున్న డైమండ్ బ్లేడు

గ్రానైట్, విట్రిఫైడ్ టైల్ చాలా గట్టివి. డైమండ్ రవ్వలు పైన నున్నబడిపోతాయి, వాటిని పట్టి ఉంచిన లోహం మాత్రం అరగదు. దాంతో కొత్త రవ్వలు బయటికి రావు. అంచు అద్దంలా మెరుస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి, కోత ముందుకు సాగదు. అప్పుడు గరుకైన సిమెంటు ఇటుకలో అర అంగుళం లోతున నాలుగైదు కోతలు కోయండి. ఇసుక ఆ లోహాన్ని గీకి కొత్త రవ్వలను బయటపెడుతుంది. ధూళికి మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి.

5. ఇనుము కోసే వీల్స్ నిల్వ పెట్టకండి

చవకగా వస్తుందని పెట్టె మొత్తం కొంటే నష్టమే ఎక్కువ. వీటిలోని గరుకు రేణువులను అతికించి ఉంచే రెజిన్ అనే జిగురు తేమకు బలహీనపడుతుంది. చాలా వీల్స్ మీద మధ్యనున్న లోహపు రింగు చుట్టూ గడువు నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి, కొనేటప్పుడే చూడండి. ఇంటి పనికి అయిదు చాలు, పొడిచోట పడుకోబెట్టి ఉంచండి. గడువు దాటినా, కింద పడి బీట కనిపించినా, ఎంత కొత్తదైనా రెండు ముక్కలుగా విరిచి పారేయండి, ఇంకొకరు తీసి బిగించకుండా.