సంక్రాంతి సెలవుల్లో ఒక తీగను వెంబడించడం ఎలా?

పండగ సెలవులకు అనంతపురం, ధర్మవరం, హిందూపురం చుట్టుపక్కల ఊళ్లకు వచ్చేవారిలో చాలామందికి భోగిమంట చల్లారిన తర్వాత ఏమి చేయాలో తోచదు. ఒక్కరోజులో నాలుగు ఊళ్లు చూసిరావాలని కారెక్కుతారు, లేకపోతే ఫోను పట్టుకుని మంచం మీద కూర్చుంటారు. ఈ సీమలో కంచె మీద పాకే తీగే గుడి స్తంభం మీదా, పట్టుచీర అంచులోనూ, తోలుబొమ్మ పావడా మీదా కనిపిస్తుంది. కాబట్టి చూడవలసినవన్నీ చూడాలనుకోవడం మాని, ఆ ఒక్క తీగను పట్టుకుని సెలవులన్నీ దాని వెంట నడవడం మేలు. ఒక గళ్ల నోటుపుస్తకం, ఒక పెన్సిలు, చేతిలో ఇమిడే చిన్న అద్దం ఉంటే చాలు.

1. పాదు దగ్గర మొదలుపెట్టండి

ఈ కాలంలో చిక్కుడు పాదు పూతమీద, కాయమీద ఉంటుంది. చేని కంచెల మీద దొండ, కాకర తీగలు కూడా దొరుకుతాయి. ఉదయం ఎండ ముదరకముందే పెరట్లోకో చేని గట్టుకో వెళ్లి, ఈ రెండు రకాల తీగలూ ఆసరాను ఎలా పట్టుకుంటున్నాయో గమనించండి. చిక్కుడుకు వేరే చేతులు లేవు. దాని కాండమే కర్రచుట్టూ మెలి తిరుగుతూ ఎక్కుతుంది. దొండకూ కాకరకూ సన్నని నులితీగలు ఉంటాయి. వాటి కొస ఆసరాను అందుకున్న తర్వాత మిగతా భాగం చుట్టలు చుట్టుకుని మొక్కను దగ్గరకు లాగుతుంది.

ఆ చుట్టలను ఇంకాస్త దగ్గరగా చూస్తే, ఒక వైపుగా తిరుగుతూ వచ్చిన నులితీగ మధ్యలో ఒకచోట ఆగి, అక్కడి నుంచి ఎదురు వైపుకు తిరగడం కనిపిస్తుంది. రెండు కొసలూ కదలకుండా బిగిసి ఉన్నప్పుడు దారాన్ని ఒకే దిక్కుకు చుడుతూ పోవడం సాధ్యం కాదు గనుక, ఇటు ఎన్ని మెలికలు పడితే అటూ అన్నే పడాలి. పిల్లలు వెంట ఉంటే ఆ తిరుగుడు చోటును వెతికే పని వారికే అప్పగించండి. చూసినదాన్ని అక్కడే కూర్చుని గీయాలి. ఫోటో తీస్తే చూడటం అయిపోయిందనిపిస్తుంది, గీయబోతే ఇంకా ఏమీ చూడలేదని తెలుస్తుంది. బొమ్మ బాగా రావాలన్న పట్టింపు అక్కరలేదు.

2. దాన్నే వాకిట్లో ముగ్గుగా వేయండి

కళ్లాపి చల్లిన నేల కాస్త ఆరిన తర్వాత ఏడు చుక్కల సందు చుక్క ముగ్గుతో మొదలుపెట్టవచ్చు. నడిమి వరసలో ఏడు చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఆరు, ఐదు, నాలుగు చొప్పున, ప్రతి చుక్కా పక్క వరసలోని రెండు చుక్కల నడుమకు వచ్చేటట్లు పెడితే మొత్తం ముప్పై ఏడు చుక్కలవుతాయి. ఆ తర్వాత గీతను చుక్కల మీదుగా పోనివ్వకుండా, ఒక చుక్కకు ఎడమగా, మరుసటి చుక్కకు కుడిగా తిప్పుతూ మెలికలు వేయండి. చేయి అలవాటు పడేదాకా నోటుపుస్తకంలో వేసుకుని చూసుకోవడంలో తప్పులేదు. రాతిపొడి ముగ్గు తెల్లగా, సన్నగా పడుతుంది. బియ్యప్పిండి వేస్తే చీమలకు ఆహారమవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల చేత ఒక ముగ్గు వేయించుకుని, చేయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడండి. పుస్తకంలో దొరకని సంగతి అదే.

3. ఒక రోజును లేపాక్షికి ఇవ్వండి

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం ఇక్కడిది. వచ్చినవారు ఎక్కువగా, నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం కింద తువాలు దూర్చడానికే పోటీపడతారు. ఆ సరదా ముగించుకుని పూర్తికాని కల్యాణ మంటపం దాటి లతా మంటపంలోకి వెళ్లండి. అక్కడ జనం పలుచగా ఉంటారు, చూడవలసింది మాత్రం ఎక్కువ. అన్ని స్తంభాలనూ చుట్టిరావడం కన్నా, ఒకే స్తంభం ముందు కూర్చుని ఒక్క నగిషీని నోటుపుస్తకంలోకి ఎక్కించడం మంచిది. శిల్పి తీగను ఎక్కడ వంచాడు, వంపులో మిగిలిన ఖాళీని ఆకుతో నింపాడా, పువ్వుతో నింపాడా, ముక్కూ ముక్కా అతికే చోట గీత తెగిందా లేదా అని పరిశీలించండి.

తర్వాత నాట్య మంటపం కప్పు మీది చిత్రాలు చూడవచ్చు. మెడ ఎత్తి ఎక్కువసేపు చూడలేము గనుక, అద్దాన్ని నడుము దగ్గర పట్టుకుని, తల వంచి అందులో చూస్తే హాయిగా ఉంటుంది. దేవతల కథల కన్నా ముందు, ఆ బొమ్మల్లోని స్త్రీపురుషుల వస్త్రాల మీద ఉన్న చారలు, పూలు, అంచులు చూడండి. నాటి నేతపని ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాలు అవి. రంగులు ఎక్కువగా ఎర్రమట్టి, పసుపుమట్టి, నలుపు, సున్నపు తెలుపు. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. గోడలను, స్తంభాలను చేత్తో తడమవద్దు, ఫ్లాష్ వాడవద్దు. దారిలో తినడానికి జొన్నరొట్టె, ఊరిబిండి మూటగట్టుకుంటే మధ్యాహ్నం హోటలు వెతుక్కోనక్కరలేదు.

4. మగ్గం దగ్గర ఆగండి

లేపాక్షి నగిషీలు చీరల అంచుల్లోకి ఎక్కాయని ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. ధర్మవరంలో తెలిసినవారి ద్వారా అడిగి ఒక నేతగాడి ఇంటికి వెళితే, ఆ పని ఎలా జరుగుతుందో చూడవచ్చు. జకార్డు (రంధ్రాలున్న అట్టలతో నగిషీని నడిపే పరికరం) పెట్టిన మగ్గం మీద వరుసగా కదిలే అట్టలలో రంధ్రం ఉన్నచోట పడుగుపోగు, అంటే నిలువు దారం, లేస్తుంది, లేనిచోట లేవదు. అంటే నేతలో నిజమైన వంపు ఉండదు. తీగను గళ్లకాగితం మీద మెట్లు మెట్లుగా దించుకోవాలి. పండగ నాడు మగ్గాలు ఆగి ఉండవచ్చు. వెళ్లేముందు కనుక్కోండి, పనిలో ఉన్నవారిని ఎక్కువసేపు ఆపవద్దు. ఇంటికి వచ్చాక లేపాక్షిలో గీసిన తీగనే నోటుపుస్తకపు గళ్లలోకి, ఒక్కో గడినీ పూర్తిగా నింపుతూ మార్చి చూడండి. గుండ్రం పోకుండా ఎన్ని గళ్లు కావాలో తేలేసరికి ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది; చీర ధర గురించి బేరమాడే నోరు కూడా కొంత తగ్గుతుంది.

5. వీలుంటే నిమ్మలకుంట

ధర్మవరం మండలంలోనే ఉన్న నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. మేకతోలును వెలుతురు దూరేంత పలుచగా శుభ్రం చేసి, గీతలు గీసి, రెండు వైపులా రంగులు వేసి, నగలనూ చీర అంచులనూ చిన్న ఉలులతో రంధ్రాలు పొడిచి తీర్చుతారు. బల్ల మీద పరిచిన బొమ్మను చూసి వచ్చేయకుండా, దీపానికి అడ్డంగా పట్టి చూపించమని అడగండి; అంచులోని తీగ గీతగా కాక వెలుతురు చుక్కల వరసగా కనిపిస్తుంది. తోలుతో చేసిన దీపపు గొడుగు (ల్యాంప్‌షేడ్) కొంటే తక్కువ వేడినిచ్చే ఎల్ఈడీ బల్బే పెట్టి, తడి తగలని చోట ఉంచి, దుమ్మును పొడిబట్టతో మాత్రమే తుడవాలి.