పడవకు వించ్ పట్టీ ఒక్కటే చాలదు

అమెరికాలో చిన్న చేపల పడవ కొన్నవాళ్లు చాలామంది దాన్ని కారు వెనక ట్రైలర్ మీదికెక్కించి, ముక్కు దగ్గర వించ్ (పట్టీని చుట్టి లాగే చక్రం) పట్టీ బిగించి, ఇక పనైపోయిందనుకుని బయల్దేరతారు. వించ్ ఉన్నది పడవను ట్రైలర్ మీదికి లాగడానికి. దాని పళ్లచక్రాన్ని ఆపే చిన్న కొండి జారిందంటే పట్టీ మొత్తం వదులైపోతుంది.

మొదట ముక్కు వించ్ స్తంభం మీదున్న రబ్బరు రోలర్‌కు గట్టిగా ఆనాలి. పడవ ముక్కుకున్న స్టీలు రింగు రోలర్‌కు కిందివైపు ఉంటే గతుకుల్లో ముక్కు పైకి లేవదు. వించ్ స్తంభం నుంచి అదే రింగుకు విడిగా ఒక గొలుసు తగిలించండి.

అసలు పట్టు వెనకే ఉంది. వెనక పలకకు రెండు పక్కలా ఉన్న రింగుల నుంచి ట్రైలర్ ఫ్రేముకు చెరో రాచెట్ పట్టీ (మీట ఆడిస్తూ బిగించేది) కట్టాలి. 2 అంగుళాల వెడల్పున్న పాలియెస్టర్‌వి మంచివి, నైలాన్ తడిస్తే సాగుతుంది. లేబుల్ మీద తెగే బరువు, పని బరువు అని రెండు అంకెలుంటాయి. చూడాల్సింది పని బరువునే, అది తెగే బరువులో మూడో వంతే. పట్టీ కొక్కేన్ని మడ్‌గార్డుకో లైటు బ్రాకెట్‌కో వేయకండి. పట్టీకి ఒక్క మెలిక వేస్తే గాలికి కొట్టుకోదు. మిగిలిన కొసను చుట్టి కట్టేయండి, వేలాడితే చక్రంలో పడుతుంది. ఫైబర్ పడవైతే మరీ లాగి బిగించొద్దు, ట్రైలర్ మీద ఆనిన చోట అడుగు నొక్కుకుపోతుంది.

మోటారును పైకెత్తి, దానికీ ట్రైలర్‌కూ మధ్య ఊతకర్ర పెట్టండి. మోటారుకున్న లాక్ ఒక్కదాన్నే నమ్మితే ప్రతి గతుకు దెబ్బా వెనక పలక మీదే పడుతుంది. పడవలో నీళ్లు బయటికి పోయే రంధ్రానికున్న మూత, అంటే డ్రెయిన్ ప్లగ్, తీసేయండి. వాననీళ్లు 30 గ్యాలన్లు నిలిచినా 250 పౌండ్లు, అదీ వెనక్కి చేరుతుంది.

వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. కారు వెనక ట్రైలర్‌ను తగిలించే హిచ్ మీద పడే బరువు, పడవా ట్రైలర్ కలిపిన మొత్తంలో 5 నుంచి 10 శాతం ఉండాలి. అంటే 1,500 పౌండ్లకు 75 నుంచి 150. హిచ్ మీదున్న ఇనుప గుండు బాల్, దాని మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస కప్లర్; ఏ సైజు బాల్ కావాలో కప్లర్ మీద అచ్చుపోసి ఉంటుంది. 2 అంగుళాల కప్లర్ 1⅞ అంగుళాల బాల్ మీద కూడా కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకులో ఎగిరి ఊడుతుంది. తగిలించాక ట్రైలర్ ముందున్న జాకీతో పైకి లేపి చూడండి, కారు వెనక భాగం కూడా లేవాలి. తర్వాత జాకీ పూర్తిగా పైకి మడిచేయండి. రెండు సేఫ్టీ గొలుసులను కప్లర్ కింద అడ్డంగా దాటించి తగిలిస్తే, ఊడినా ట్రైలర్ ముందు కడ్డీ రోడ్డును తాకకుండా ఆగుతుంది.

10 మైళ్లు పోయాక ఆగి పట్టీలు మళ్లీ బిగించండి, మొదట్లో అవి కొంత వదులవుతాయి. చక్రం మధ్య హబ్ దగ్గరికి చెయ్యి మెల్లగా తీసుకెళ్లండి. వెచ్చగా ఉంటే సరే, తాకలేనంత వేడెక్కితే బేరింగ్ పోతున్నట్టే, ముందుకు పోవద్దు.

పడవను నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర మొదట వెనకవైపు పట్టీలు మాత్రమే విప్పండి. పడవ నీళ్లలో తేలేదాకా వించ్ పట్టీ, గొలుసు అలాగే ఉండాలి. వాలు మీద ముందే తీస్తే పడవ జారి కాంక్రీటు మీద పడుతుంది.