బ్లాగు రంగులు మార్చాలంటే కోడింగ్ రావాల్సిన పని లేదు

పుట్టపాక ఊరి చేనేత గురించి గూగుల్ వాళ్ల బ్లాగర్ సైట్‌లో బ్లాగు పెట్టి, అది ఇచ్చిన రంగులే ఉంచేస్తే ఏం బాగుంటుంది చెప్పండి! అక్కడ నేసే తేలియా రుమాలు అనే బట్టలోని ఎరుపు, నలుపు, తెలుపు చాలు.

ముందు బ్యాకప్. మెనూలో థీమ్ నొక్కి, కస్టమైజ్ బటన్ పక్కనున్న చిన్న బాణం గుర్తు దగ్గర బ్యాకప్ తీసుకోండి, ఏదైనా తేడా కొడితే పాత థీమ్ మళ్లీ పెట్టుకోవచ్చు, టెన్షన్ ఉండదు. తర్వాత కస్టమైజ్‌లోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ తెరవండి. బ్యాక్‌గ్రౌండ్, అక్షరాలు, లింకులు దేనికది విడిగా ఉంటాయి, థీమ్‌ని బట్టి పేర్లు కాస్త మారతాయి. రంగు గడిలో హ్యాష్ గుర్తు, దాని పక్కన ఆరు గుర్తుల కోడ్ వేయాలి. ఆ కోడ్ కోసం గూగుల్‌లో కలర్ పికర్ అని వెతికి, మీ రుమాలు ఫోటోలోని ఎరుపుకి దగ్గరగా వచ్చేదాకా జరుపుతూ పోండి.

ముదురు ఎరుపు మీద నల్ల అక్షరాలు మాత్రం వద్దే వద్దు. బట్ట మీద అందంగానే ఉంటుంది గానీ, ఎండలో నల్గొండ బస్టాండులో నిలబడి ఫోన్‌లో చదివేవాళ్లకి ఒక్క ముక్క కనపడదు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు పెట్టి ఎరుపుని లింకులకీ శీర్షికలకీ ఉంచండి. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్, అంటే అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో ప్రివ్యూ చూసుకుని సేవ్ నొక్కండి.