సిరిమాను పండగలోపు కారు కొనేద్దాం అనుకుంటున్నారా, ముందు మ్యాట్ ఎత్తి చూడండి

దసరా దగ్గరపడిందంటే మా విజయనగరంలో అందరికీ ఒకటే హడావుడి, పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే మంగళవారానికల్లా ఇంటి ముందు కారుండాలి, కొత్తది కాకపోతే సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. తప్పేం లేదు, కానీ మనకి తుఫాన్లు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి కదా, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న. అందుకే మన వైపు పాత బండి బేరానికి వస్తే ఇంజన్ తర్వాత, ముందు అది నీళ్లలో మునిగిందా లేదా చూడాలి.

నేను చూడలేదు. బండి తళతళా మెరుస్తోంది, లోపల మంచి సెంటు వాసన, రేటు తక్కువ, ఇంకేం కావాలని బేగి అడ్వాన్స్ ఇచ్చేశా. రెండు నెలలకి పవర్ విండోలు పోయాయి, తర్వాత హెడ్‌లైట్, మెకానిక్ కార్పెట్ ఎత్తి "ఏటి బాబూ, ఇది మునిగిన బండి" అన్నాడు. అమ్మినాయన ఫోన్ ఎత్తితే కదా!

కాబట్టి కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి, సీట్ బెల్ట్ చివరిదాకా లాగండి, బురద మరక ఉంటే అక్కడే దొరికిపోద్ది, ఎందుకంటే దాన్ని కడిగేవాళ్లు తక్కువ. స్టెప్నీ తీసి ఆ గుంటలో ఒండ్రు, తుప్పు చూడండి. సెంటు మరీ ఎక్కువ కొట్టుంటే ఇంకా అనుమానపడాలి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండైతే ఉప్పు గాలికి అడుగంతా తుప్పు పడుతుంది, లిఫ్ట్ మీద ఎక్కించి చూడకుండా మాట ఇవ్వొద్దు.

మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, వెళ్లేసరికి బోనెట్ వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమో అనుకోవాలి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని, ఆయిల్ మూత లోపల మజ్జిగలా తెల్లగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని. టైరు మీద డాట్ నంబర్ చివర 4 అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ, మీటర్ 20 వేల కిలోమీటర్లు చూపిస్తే ఇలాంటివన్నీ దానికి సరిపోతున్నాయా అని లెక్కేసుకోండి.

ఇచ్ఛాపురం అవతల ఒడిశా బండి చవగ్గా దొరుకుతుంది అంటారు. నిజమే గానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ, అంటే బండి ఇక్కడికి తెచ్చుకోడానికి అభ్యంతరం లేదనే కాగితం తెచ్చుకోవాలి, మళ్లీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అవన్నీ కలిపి చూస్తే చవక ఎంత మిగిలిందో చూడండి. లోన్ మీద కొన్న బండైతే బ్యాంకు ఎన్ఓసీ, లోన్ తీరిందని చూపే ఫారం 35 చేతిలో పెట్టాకే డబ్బులు. పేరు మార్చే కాగితాలు ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక పేరు మార్పిడి మీరే దగ్గరుండి చేయించుకోండి, ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి, అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు మాత్రం మీకు రాదు.

ఇంకోటి, చీకటి పడ్డాక లైటు కింద చూపిస్తానంటే, వానలో తడిసిన బండి చూపిస్తానంటే రేపు పొద్దున్న వస్తాం అని చెప్పండి, గీతలూ టచప్ పెయింటూ తడిలో కనిపించవు.