కుడివైపు రండి

నా ఎడమ చెవికి వినికిడి పోయి రెండేళ్లయింది. శబ్దం తగ్గడం కన్నా, అది ఎటునుంచి వస్తోందో తెలియకపోవడమే పెద్ద చిక్కు. దిక్కు తెలియాలంటే రెండు చెవులూ కావాలి మరి. ఫోను మోగితే ఇల్లంతా గాలించేవాణ్ణి. తీరా చూస్తే చొక్కా జేబులోనే ఉండేది. ఇప్పుడు దానికి ఒకటే చోటు, టీవీ పక్కన.

పెళ్లి భోజనాల్లో బంతికి ఎడమ చివర కూర్చుంటాను. అప్పుడు అందరూ నా కుడివైపే. "ఈ చెవి వినపడదు, ఇటు రండి" అని ముందే చెప్పేస్తాను. మొదట్లో మొహమాటపడి, వినపడకపోయినా నవ్వి తలూపేవాణ్ణి. ఒకాయన తమ పెద్దమ్మ పోయిందని చెబుతుంటే కూడా అలాగే నవ్వాను!

ఇయర్‌ఫోన్లలో పాట సగమే వినిపించేది. ఫోను సెట్టింగుల్లో మోనో ఆడియో పెట్టాక రెండు వైపుల శబ్దమూ కుడి చెవికే వస్తోంది. కుడి చెవి దిండుకు ఆనించి పడుకుంటే మాత్రం అలారం వినపడదు. వీధికుక్కలు మొరిగే రాత్రుల్లో కావాలనే అలా పడుకుంటాను.