పాలమూరు నుంచి ఓడరేవు దాకా – 4వ పాఠం: నాలుగు సొరుగుల బీరువా అమెరికా వెళ్లాలంటే

మూడో పాఠం అయ్యాక చాలామంది ఒకటే అడిగారు. ఐఈసీ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకిచ్చే కోడ్) వచ్చింది, బ్యాంకు ఏడీ కోడ్ లెటర్ (ఎగుమతి డబ్బు ఏ బ్యాంకు ద్వారా వస్తుందో చెప్పేది) ఇచ్చింది, కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో అది ఎక్కించాం, జీఎస్టీ పోర్టల్లో ఎల్‌యూటీ (పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) కూడా పెట్టేశాం, ఇంక సరుకు పంపేయొచ్చా అని. పంపొచ్చు. సనత్‌నగర్ డిపోలో మన కస్టమ్స్ దాటిపోతుంది, రైలెక్కి ముంబై దగ్గరి నవా షేవా రేవుకు వెళ్తుంది, ఓడ కూడా ఎక్కుతుంది. ఆగేది అవతలి ఒడ్డున. అక్కడ ఆగితే మాత్రం మీ లాభం, మీ పెట్టుబడి, మీ నిద్ర మూడూ రోజుకింత చొప్పున కరిగిపోతాయి, ఎందుకంటే కంటైనర్ రేవులో కూర్చున్న ప్రతి రోజుకీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడి వాళ్లు ముఖ్యంగా చూసేది సరుకు విలువ, కోడ్, డబ్బు ఏ దారిన వస్తుందనేది. అక్కడి వాళ్లు వీటితో పాటు అది ఏ చెట్టు, ఏ రంగు, ఏ జిగురు, పిల్లాడు ఎక్కితే మీద పడుతుందా అనేవి కూడా చూస్తారు. ఈ ప్రశ్నలకు జవాబు పోర్టులో వెతికితే దొరకదు. చెక్క కొన్న రోజున, ప్లైవుడ్ కొన్న రోజున, రంగు డబ్బా మూత తీసిన రోజున రాసిపెట్టుకున్నదే జవాబు. అందుకే ఈ పాఠంలో ఒక్క వస్తువునే పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నడుద్దాం. జడ్చర్లలో మా బావ వర్క్‌షాపులో చేసే నాలుగు సొరుగుల బీరువా. కొనేవాళ్లు దాన్ని డ్రెస్సర్ అంటారు. పడకగది చెక్క సామాను కాబట్టి కస్టమ్స్ వాళ్లు సరుకును గుర్తుపట్టే హెచ్ఎస్ కోడ్ 9403.50 కిందికి వస్తుంది. కుర్చీలూ సోఫాలూ అయితే 9401, అది వేరే కథ.

మొదట చెట్టు పేరు

అమెరికాలో లేసీ చట్టం అని ఒకటుంది. పాత చట్టమే, 2008లో చెట్లనూ చెక్క సామాన్లనూ అందులోకి తెచ్చారు. దాని ప్రకారం దిగుమతి చేసుకునే వ్యాపారి ఒక డిక్లరేషన్ ఇవ్వాలి: చెట్టు శాస్త్రీయ నామం, దాన్ని నరికిన దేశం, ఎంత చెక్క వాడారు, విలువెంత. ఫారం నింపేది ఆయనే, కానీ ఆయనకు చెప్పాల్సింది మనం. మొదటిసారి ఈ లిస్టు పట్టుకుని వెళ్తే మా పెద్ద మేస్త్రి నవ్వాడు. "ఏందన్నా, చెక్కకు గూడా ఆధార్ కార్డా?" అన్నాడు. ఒక రకంగా అంతే.

మేం వాడేది మామిడి చెక్క. కొల్లాపూర్ వైపు కాపు తగ్గిన ముసలి తోటలు కొట్టేసినప్పుడు వచ్చే మొద్దులు. ఇది తేలిక: మాంగిఫెరా ఇండికా, నరికిన దేశం ఇండియా. టేకు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. డిపోలో "టేకు" అని ఇచ్చే దుంగల్లో మన అడవులవీ ఉంటాయి, ఆఫ్రికా నుంచి వచ్చినవీ ఉంటాయి. రెండూ టెక్టోనా గ్రాండిసే. కానీ ఘనాలో నరికిన టేకుతో మీరు జడ్చర్లలో బీరువా చేస్తే, సామాను మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉండాలి, డిక్లరేషన్‌లో మాత్రం నరికిన దేశం ఘనా అని ఉండాలి. రెండూ ఒకటే అనుకుని రెండు చోట్లా ఇండియా అని రాశారంటే తప్పుడు డిక్లరేషన్ ఇచ్చినట్టే. అందుకని డిపో బిల్లులో "టేకు, ఇన్ని అడుగులు" అని రాస్తే తీసుకోకండి. ఏ దేశం దుంగో కూడా రాయించుకోండి. లోకల్ టేకు అయితే ఫారెస్టు వాళ్ల రవాణా పర్మిట్ జిరాక్స్ కూడా ఫైల్లో ఉండాలి. డిపో ఆయన కాస్త విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఇంకో మెలిక. మన వడ్రంగులకు జిట్రేగి అంటే మోజు. బీరువా అంతా మామిడితో చేసినా, సొరుగు పిడులకు నల్లగా నిగనిగలాడే జిట్రేగి ముక్కలు పెడితే అందం వస్తుందంటారు, నిజమే వస్తుంది. కానీ జిట్రేగి, శీశం రెండూ డాల్‌బెర్జియా జాతివి. ఆ జాతి మొత్తాన్ని 2017 జనవరి 2 నుంచి సైటిస్ (ముప్పున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు, అంటే దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. పూర్తయిన సామానులో ఆ చెక్క ఒక షిప్‌మెంట్‌కు 10 కిలోల లోపు ఉంటే మాత్రం ఆ పర్మిట్ అక్కర్లేదు, పిడులకు అది సరిపోతుంది. అయినా డిక్లరేషన్‌లో మామిడి పక్కన దాని పేరూ పడాల్సిందే. శీశంతో మొత్తం సామాను చేసేవాళ్లయితే చెక్క చట్టబద్ధంగా వచ్చిందని హస్తకళల ఎగుమతి మండలి ఇచ్చే వృక్ష్ సర్టిఫికెట్ గురించి ముందే కనుక్కోండి. మా బావకు నేనిచ్చిన సలహా మాత్రం ఒకటే: పిడులు ఇత్తడివి పెట్టు, గొడవ వదిలిపోతుంది.

మామిడితో ఉన్న తలనొప్పి వేరు. పుప్పి. వర్క్‌షాపులో బాగానే ఉంటుంది, నెల తర్వాత బీరువా కాలి కింద సన్నటి పిండి రాలి ఉంటుంది, గుండుసూది మొన అంత రంధ్రం కనిపిస్తుంది. ఆ పిండి కంటైనర్ తెరిచిన రోజున అక్కడి ఇన్‌స్పెక్టర్ కళ్లబడితే చాలు. బెరడు ముక్క ఎక్కడా మిగలకుండా చెక్కేసి, బోరాన్ మందు పట్టించి, కిల్న్‌లో, అంటే చెక్క ఆరబెట్టే వేడి గదిలో, ఆరబెట్టాకే పని మొదలెట్టాలి. పాలమూరు ఎండకు ఆరిపోతుందిలే అనుకోకండి. మన ఎండ పైపైన ఆరబెడుతుంది, లోపలి పురుగును చంపదు.

జిగురు, రంగు

వెనక కొట్టే ప్లైవుడ్‌ది చిన్న ముక్కే, కానీ దాని వెనక పెద్ద చట్టముంది. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది. అమెరికాలో దీనికి టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్ అనే నిబంధన కింద పరిమితులున్నాయి: ప్లైవుడ్‌కు 0.05 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని భాగాలని కొలత), పార్టికల్ బోర్డుకు 0.09, ఎండీఎఫ్‌కు 0.11. బోర్డు చేసిన ఫ్యాక్టరీకే అక్కడి గుర్తింపున్న సంస్థ సర్టిఫికెట్ ఉండాలి, మీరు మీ బీరువాకు లేబుల్ వేయాలి, కొన్న బిల్లులు మూడేళ్లు దాచాలి. హార్డ్‌వేర్ షాపులో "ఇది ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ సార్" అంటే దానికి విలువ లేదు. మీద ఐఎస్ఐ ముద్ర ఉన్నా ఈ పనికి చెల్లదు.

మేం ఆరు నెలలు ఆ సర్టిఫికెట్ ఉన్న ప్లైవుడ్ కోసం తిరిగి, చివరికి ప్లైవుడ్డే తీసేశాం. వెనక సన్నటి మామిడి పలకలు, గాడి కొట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చాం. బీరువాకు ఖర్చు పెరిగింది, బరువూ పెరిగింది, ఫైల్ మాత్రం సగమైంది. పైగా కొనేవాళ్లు అంతా అసలు చెక్కే అని మురిసిపోయారు.

రంగు సంగతి క్లుప్తంగా చెప్తా. సామాను మీది పెయింటులో సీసం 90 పీపీఎం దాటకూడదు. మన దేశంలోనూ 2017 నవంబరు నుంచి ఇళ్ల రంగులకు అదే పరిమితి, కాబట్టి పేరున్న డబ్బా కొని, దాని బ్యాచ్ నంబరు రాసుకుని, ఎన్ఏబీఎల్ గుర్తింపున్న పరీక్షల ల్యాబ్‌లో ఒకసారి టెస్ట్ చేయిస్తే సరిపోతుంది. లూజుగా దొరికే పొడి రంగులు, సగం వాడిన పాత డబ్బాలు వద్దు. పిల్లల సామాను అయితే లెక్క మారుతుంది, అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ గుర్తించిన ల్యాబ్‌లోనే చేయించాలి.

బియ్యం బస్తా పరీక్ష

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అని నా ఉద్దేశం. మిగతావి తప్పితే డబ్బు పోతుంది, ఇది తప్పితే ఒక పసివాడి మీద బీరువా పడుతుంది. పిల్లలు కింది సొరుగు లాగి మెట్టులా ఎక్కుతారు, బీరువా ముందుకు వాలుతుంది. అక్కడ ఇలా పిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు పోరాడారు, 2022 డిసెంబరులో స్టర్డీ అనే చట్టం వచ్చింది. 2023 సెప్టెంబరు 1 తర్వాత తయారైన బట్టల బీరువాలకు ఏఎస్‌టీఎం ఎఫ్2057-23 అనే ప్రమాణం తప్పనిసరి. ఎత్తు 27 అంగుళాలు, బరువు 30 పౌండ్లు, లోపలి ఖాళీ 3.2 ఘనపుటడుగులు, ఈ మూడింట్లోనూ అంతే ఉన్నా, దాటినా మీది దాని కిందికే వస్తుంది. మాది అన్నిట్లోనూ దాటింది.

పరీక్షలో సొరుగుల్లో బట్టలంత బరువు, ఒకేసారి తెరిచిన సొరుగులు, కింద తివాచీ వల్ల వచ్చే వాలు, 60 పౌండ్ల పిల్లాడు, అన్నీ లెక్కలోకి వస్తాయి. గోడకు బిగించే పట్టీ కూడా సామానుతో ఇవ్వాలి, కానీ పట్టీ లేకుండానే బీరువా నిలబడాలి. పట్టీ ఇచ్చాం కదా అనే వాదన కుదరదు.

ల్యాబ్‌కు పంపే ముందు మేం ఇంట్లో ఒక నాటు పరీక్ష చేశాం. 60 పౌండ్లంటే 27 కిలోలు. మిర్యాలగూడ బియ్యం 25 కిలోల బస్తా, దాని మీద రెండు కిలోల కందిపప్పు పొట్లం. వెనక కాళ్ల కింద అర అంగుళం కన్నా కాస్త తక్కువ మందం చెక్క ముక్క పెట్టి, సొరుగులన్నీ లాగి, పై సొరుగు అంచుకు తాడుతో బస్తా వేలాడదీశాం. బస్తా పూర్తిగా వదలనే లేదు, మేస్త్రి చేతిలో సగం బరువు ఉండగానే వెనక కాళ్లు లేచాయి. పక్కన నిలబడిన మా అక్క "అమ్మో" అంది, ఎందుకంటే అలాంటిదే ఒకటి వాళ్ల పడకగదిలో ఉంది, రెండేళ్ల మనవడు దాని చుట్టే తిరుగుతాడు. ఆ సాయంత్రమే బావ డ్రిల్లింగ్ మిషన్ తీసుకెళ్లి దాన్ని గోడకు బిగించొచ్చాడు.

తర్వాత డిజైన్ మార్చాం. లోతు రెండున్నర అంగుళాలు పెంచాం, సొరుగు పూర్తిగా బయటికి రాకుండా మూడింట రెండు వంతుల దగ్గర అడ్డుకట్ట పెట్టాం, ఒక సొరుగు తెరిస్తే మిగతావి తెరుచుకోని లాక్ బిగించాం. నాటు పరీక్ష పాసైంది. అది ల్యాబ్ రిపోర్టుకు బదులు కాదు, గుర్తుంచుకోండి. ఫెయిలయ్యేదాన్ని ల్యాబ్‌కు పంపి ఫీజు తగలేయకుండా ఉండటానికే అది.

ప్యాలెట్ మీద ముద్ర

సామాను సరే, దాన్ని మోసే చెక్క చట్రాలు, అంటే ప్యాలెట్ల సంగతి? 1996లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పొడవాటి మీసాల పురుగొకటి చెట్లను తొలిచేస్తూ కనిపించింది. చైనా నుంచి వచ్చిన ప్యాకింగ్ చెక్కలో దిగిందని తేల్చారు. తర్వాత 2002లో ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ప్యాకింగ్ చెక్కను నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచాలి, ఆ పని చేసిన గుర్తింపు పొందిన వాళ్లే ముద్ర వేయాలి. ముద్రలో గోధుమ వెన్ను బొమ్మ, దేశం కోడ్, వాళ్ల నంబరు, వేడి పద్ధతి కోడ్ ఉంటాయి. ఫ్యాక్టరీలో చేసిన ప్లైవుడ్‌కూ, 6 మిల్లీమీటర్లు, అంతకన్నా సన్నటి చెక్కకూ ఇది అక్కర్లేదు.

మా మొదటి లోడుకు ప్యాలెట్లన్నీ ముద్ర ఉన్నవే కొన్నాం. నేనే ఒక్కొక్కటి ఫోటో తీశాను. లోడింగ్ రోజున నేను బ్యాంకు పని మీద మహబూబ్‌నగర్ వెళ్లాను. వచ్చేసరికి కంటైనర్ తలుపులు సగం మూసి ఉన్నాయి, కుర్రాళ్లు గర్వంగా చూపించారు: సరుకు కదలకుండా రెండు పచ్చి తుమ్మ కర్రలు అడ్డంగా కొట్టి బిగించారు. బెరడుతో సహా. అడ్డం కొట్టిన కర్ర కూడా ప్యాకింగ్ చెక్కే, దానికీ ముద్ర ఉండాలి. అది అలాగే వెళ్లుంటే అమెరికా రేవులో చాలాసార్లు ఒకటే మాట, తిరిగి పంపేయండి. అప్పటికప్పుడు కర్రలు పీకేసి, గాలి సంచులు తెప్పించేసరికి రాత్రి పదకొండయింది. తప్పు కుర్రాళ్లది కాదు, వాళ్లకు చెప్పని నాది. ఇప్పుడు షట్టర్ పక్కన బొగ్గుతో పెద్దగా రాసుంది: ముద్ర లేని కర్ర కంటైనర్ ఎక్కదు.

వచ్చే పాఠానికి ముందు మీరు చేయాల్సిన పని. మీ వర్క్‌షాపులో ఒక వస్తువు ఎంచుకుని, అందులో ఉన్న ప్రతి చెక్క పేరూ, దాన్ని కొన్న బిల్లు నంబరూ ఒక తెల్లకాగితం మీద రాయండి. ఏ ముక్క దగ్గర పెన్ను ఆగిందో అక్కడ గుండ్రంగా చుట్టండి. 5వ పాఠంలో ఆ కాగితంతోనే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు రాద్దాం, చాలావరకు ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే అమెరికా కస్టమ్స్‌కు చేరాల్సిన పది ప్లస్ రెండు వివరాల్లో (కొనేవాళ్లవి పది, ఓడ కంపెనీవి రెండు) మన వంతు ఏవో అప్పుడు చూద్దాం. సుంకం ఎంత అని అడిగినవాళ్లకు ఒకే మాట: అది ఈమధ్య చాలా తరచుగా మారుతోంది, ఆర్డర్ ఖాయం చేసే రోజున కొనేవాళ్ల బ్రోకర్‌తోనే ఆ రోజు రేటు మెయిల్లో రాయించుకోండి.